పోయింది ఎవరి అక్క?

మైనం సరిగ్గా మెత్తబడ్డప్పుడే పన్ను నిలబెట్టాలి. తొందరపడితే పక్కకు వాలిపోతుంది, ఆలస్యమైతే పట్టదు. పళ్ళక్క సన్నటి కత్తిని స్పిరిటు దీపం మీద కాచి, గులాబీ రంగు మైనంలో గుచ్చి, ఆ మెత్తటి గుంటలోకి ముందుపన్ను దించి బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కింది. ఆ ప్లాస్టరు దవడను కళ్ళ ఎత్తుకు లేపి, ఎదురుగా ఎవరో మనిషే కూర్చుని నోరు తెరిచినట్టు తల కాస్త వంచి చూసింది. పన్ను వెంట్రుకవాసి ఎడమకు తిరిగింది. కత్తి మళ్ళీ దీపం మీద పెట్టింది.

కట్టుడు పళ్ళు చేసే ఆ ల్యాబు ఒక పాత మేడ వెనక భాగంలో ఉంది. గోడలకు, కిటికీ ఊచలకు, ఫ్యాను రెక్కలకు, ఆఖరికి గోడ గడియారం ముల్లుకు కూడా తెల్లటి ప్లాస్టరు ధూళి. అల్మరాల నిండా వరసగా దవడలు. కొత్తవాళ్ళెవరైనా తలుపు తీశారంటే అన్నీ ఒక్కసారి తమని చూసి ఇకిలించినట్టనిపించి ఒక అడుగు వెనక్కి వేస్తారు. పళ్ళక్కకు మాత్రం పెళ్ళికి ముందు నుంచీ అవే ఇరుగూ పొరుగూ.

ఆమె పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి బల్ల మీదకు వంగి పని చెయ్యడంతో మెడ కింద చిన్న గూనిలా లేచింది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కొసలు కాలీ కాలీ గీతలు చెరిగిపోయి నున్నగా మెరుస్తాయి. వేలిముద్ర తీసుకునే యంత్రం ఏదీ ఆమెను ఒక్కసారికి మనిషిగా ఒప్పుకోదు. వీధిలో అందరూ పళ్ళక్క అనే పిలుస్తారు. ఆ పేరు విని, పక్కవాటాలోకి కొత్తగా దిగినావిడ ఒకరోజు పొద్దున్నే వచ్చి, డజను అరటిపళ్ళు ఎంతకిస్తావని అడిగింది. ఆ సంగతి చెబితే పళ్ళక్క వాళ్ళ అక్క ఫోనులో దగ్గొచ్చేదాకా నవ్వింది.

ఆ అక్క పోయిన నెలలో పోయింది.

తల్లి లేని ఇంట్లో పళ్ళక్కను పెంచింది ఆ అక్కే. హాస్టల్లో వంట చేసేది. భర్త పోయాక, కూతురికి పెళ్ళి చేసి పంపి, ఒక గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండేది. మధ్యాహ్నం పిల్లలకు వడ్డించడం అయ్యాక చెల్లెలికి ఫోన్ చేసేది. "నువ్వెలా ఉన్నావే?" అన్నది ఆమె మొదటి మాట. పళ్ళక్కను ఆ మాట అడిగే మనిషి ప్రపంచం మొత్తానికి ఆ ఒక్కతే. మిగతా అందరూ "మాస్టారెలా ఉన్నారు?" అని అడిగేవారు.

మాస్టారంటే ఆమె భర్త. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పిస్తాడు. ఓపికకు మారుపేరని ఆయనకు ఊళ్ళో గొప్ప పేరు. నేర్చుకునే వాళ్ళు గేరుకు బదులు హ్యాండ్ బ్రేకు లాగినా, కారు తీసుకెళ్ళి గోడకు ఆనించినా, తన వైపున్న రెండో బ్రేకు మీద కాలు పెట్టి నవ్వుతూనే, "ఏం పర్లేదమ్మా, మళ్ళీ చూద్దాం" అంటాడు. భయంతో చేతులు వణికే ఆడవాళ్ళు ఆయన దగ్గరే నేర్చుకుంటామని పట్టుబడతారు. కొట్టడు, తాగడు, పరాయి ఆడదాని వంక కన్నెత్తి చూడడు. అలాంటి మొగుడు దొరకడానికి పెట్టిపుట్టాలని వీధి వీధంతా పళ్ళక్కకు చెబుతూ ఉంటుంది.

ఆ ఓపికంతా ఎక్కడ నింపుకుంటాడో ఎవరూ అడగలేదు.

ప్రేమించే చేసుకున్నారు. అప్పట్లో ఆయన ఉద్యోగం పోయి, బస్టాపు బెంచీ మీద దిగాలుగా కూర్చునేవాడు. ఆమె బస్సు కోసం వచ్చి, ఆయన చెప్పుకునేది వింటూ, వచ్చిన బస్సులు వదిలేసేది. "నువ్వు వింటుంటే సగం బరువు దిగిపోతుంది నాకు" అన్నాడు ఒక సాయంత్రం. ఆ వయసులో అంతకంటే గొప్ప మాట ఇంకొకటి ఉంటుందా? దాన్ని మెచ్చుకోలు అనుకుంది. తనని ఉద్యోగంలో పెట్టుకున్నాడని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. సెలవులు లేని ఉద్యోగం, పదవీ విరమణ లేని ఉద్యోగం.

రోజూ సాయంత్రం ఇంటికి రాగానే ఆయన కుర్చీలో వాలేవాడు. ఆమె ఎదురుగా కూర్చోవాలి. చేతిలో పని ఉండొచ్చు, కానీ చూపు ఆయన మీద ఉండాలి. ఎవరేమన్నారు, తాను ఎలా దిగమింగుకున్నాడు, యజమాని తన విలువ ఎలా గుర్తించడం లేదు, అన్నీ వరసగా వచ్చేవి. మధ్యలో "వింటున్నావా?" అనేవాడు. "ఊఁ" అనాలి. ఆ ఊఁ పొడిగా ఉంటే ఆ రాత్రి భోజనం మానేసేవాడు.

తన సంగతి చెప్పబోయిన రోజులూ ఉన్నాయి. నడుం పట్టేసిందన్నా, ల్యాబులో మాట పడ్డానన్నా, ఆయన ముఖం ముందు వాడిపోయేది. "పొద్దున్నుంచీ అందర్నీ ఓర్చుకుని వచ్చాను. ఇంట్లో కూడానా?" అనేవాడు. ఆమెదీ ఒక పొద్దేనని, ఆమె కూడా ఎక్కడినుంచో అలిసే వస్తోందని ఆయనకు తోచలేదు. తోచనవసరం ఏముంది? బావి ఎండిపోతుందేమోనని చేదకు దిగులుండదు.

ఆయన ఏమీ చెయ్యలేదని అనడానికి వీల్లేదు. పెళ్ళైన కొత్తలో ఆమెకు జ్వరమొస్తే ఒక రాత్రంతా పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేశాడు. నిజంగానే వేశాడు. కానీ ఆ తర్వాత ఎప్పుడు మాటా మాటా వచ్చినా, ఆమె ఎప్పుడు విసుక్కున్నా, ఆ రాత్రి ప్రస్తావన రాకుండా పోలేదు. ఇన్నేళ్ళయినా ఆ తడిగుడ్డ ఆరలేదు.

అక్క పోయిన మూడోనాడే ఆయనకు కష్టమొచ్చింది. ఆమె వంటింటి గట్టు పట్టుకుని నిలబడి ఉంటే, గుమ్మంలోకి వచ్చి, "నీకు అక్క పోయింది. నాకు పెళ్ళాం పోయినట్టుంది" అన్నాడు. పళ్ళక్క కళ్ళు తుడుచుకుని, టీ పెట్టి, ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆ రోజు తనకు తానే వేసుకున్న శిక్ష అది అని తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఇవాళ ల్యాబులో మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తుండగా ఫోన్ మోగింది. ఆ వేళప్పుడు మోగితే ఇప్పటికీ గుండె ఒకసారి ముందుకు దూకుతుంది. అక్క కాదు, వేరే ఊళ్ళో ఉండే తన కూతురు.

"అమ్మా, నాన్న రోజూ ఫోన్ చేస్తున్నారు. పాపం బాగా డీలా పడిపోయారమ్మా. ఇంట్లో మాట్లాడే దిక్కు లేదంటున్నారు" అంది కూతురు. "నీకు బాధే, కాదనను. కానీ ఆయన్నీ కాస్త చూసుకో."

"సరేలే."

"పెద్దమ్మ ఎలాగూ తిరిగి రాదు కదమ్మా."

"రాదు" అంది పళ్ళక్క. డబ్బా మూత మళ్ళీ పెట్టేసింది.

అవతల వరండాలో పాలిష్ చక్రం ముందు కూర్చునే ఆవిడ అంతా విన్నది. పాలిషావిడ అంటారు ఆమెను. ముఖానికి గుడ్డ కట్టుకుని, కళ్ళద్దాల మీద బూడిదరంగు బురద చిందించుకుంటూ రోజంతా పళ్ళకు మెరుగుపెడుతుంది. నోటికి మాత్రం ఏ మెరుగూ పెట్టదు. "ఏమంటోంది మీ అమ్మాయి? బతికున్నాయన్ని ఓదార్చమందా?" అంది. పళ్ళక్క డబ్బా సంచిలో పెట్టేసి బల్ల దగ్గరకు జరిగింది.

మధ్యాహ్నం దాటాక ఒక పెద్దాయన పళ్ళ సెట్టు పోత పొయ్యాలి. చిగుళ్ళ కోసం వాడే పొడీ ద్రవమూ కలిపితే మొదట తడి ఇసుకలా ఉంటుంది, తర్వాత తీగలు సాగుతుంది, ఆ తర్వాత చేతికి అంటకుండా ముద్ద కడుతుంది. ఆ ముద్దగా ఉన్న కాసేపట్లోనే ఇత్తడి అచ్చులో కూరి బిగించెయ్యాలి. దాటితే రబ్బరైపోతుంది. ముద్ద చేతిలోకి తీసుకునే సమయానికి ఫోన్ మోగింది. తియ్యలేదు. ఆగి మళ్ళీ మోగింది. మళ్ళీ. ఒకప్పుడు ఇలాగే పని చేతిలో ఉండి తియ్యకపోతే, "నేను చచ్చానో బతికానో కూడా నీకు పట్టదు" అని వారం రోజులు మాట్లాడలేదు ఆయన. మోచేత్తో తలుపు తోసుకుని వరండాలోకి వెళ్ళి ఎత్తింది.

"కొత్త కారు నిన్నగాక మొన్నొచ్చిన కుర్రమాస్టరుకు ఇచ్చారు" అన్నాడు ఆయన. "ఇన్నేళ్ళ సర్వీసు నాది. నాకేమో ఆ పాత డొక్కు. విన్నావా?"

"చేతిలో ముద్ద ఉందండీ. సాయంత్రం మాట్లాడుకుందాం."

"సాయంత్రందాకా నేనేమైపోవాలి? నాకు చెప్పుకోడానికి ఇంకెవరున్నారు? నీకు నీ పళ్ళే ముఖ్యమా?"

ఆమె వింది. ఎదురుగోడ మీద ఒక చీమల బారు పైకి ఎక్కి కిందికి దిగింది. "ఊఁ" అంది, మళ్ళీ "ఊఁ" అంది. లోపలికొచ్చేసరికి చేతిలో ముద్ద బిగుసుకుపోయింది. అయినా కూరింది. సాయంత్రం వేడినీళ్ళలోంచి అచ్చు తీసి విప్పితే, దవడ మధ్యలో పొరలు పొరలుగా విడిపోయి, ఒక పక్క పన్ను ఊడి చేతిలోకొచ్చింది.

ముందు గదిలోంచి ల్యాబు యజమాని వచ్చి దాన్ని వెలుతురులో తిప్పి చూశాడు. మంచివాడే, గట్టిగా మాట్లాడడు. "మీ పని తిరిగి రావడం నేనెప్పుడూ చూళ్ళేదమ్మా. ఈ నెలలో ఇది రెండోది. ఆ పెద్దాయన జావ తాగి బతుకుతున్నాడు."

పళ్ళక్క ఊడిన పన్ను అరచేతిలో పట్టుకుని నిలబడింది. వరండాలో చక్రం ఆగింది. పాలిషావిడ ముఖాన గుడ్డ కిందికి లాగి, "ఆమె అక్క పోయింది సార్. పెంచిన అక్క. ఏడవడానికి కూడా టైం లేదు ఆమెకు" అంది.

యజమాని తెల్లబోయాడు. "మీ అక్కా? అప్పుడు మీవారు ఫోన్ చేసి మీకు సెలవడిగారు. ఇంట్లో చావు జరిగింది, నేను తట్టుకోలేకపోతున్నాను, ఆమె నా దగ్గర ఉండాలి అన్నారు. ఫోనులో ఏడ్చారు కూడా. ఆయన అక్కగారే పోయారనుకున్నానమ్మా నేను. అందుకే మీరొచ్చాక, ఆయన ఎలా ఉన్నారని అడుగుతూ వచ్చాను."

అడిగాడు, నిజమే. మర్యాదకు అడుగుతున్నాడనుకుని, బాగానే ఉన్నారండీ అని చెబుతూ వచ్చింది ఆమె. యజమాని ఆ పాడైన సెట్టు బల్ల మీద మెల్లగా పెట్టి వెళ్ళిపోయాడు.

పాలిషావిడ దగ్గరకొచ్చింది. "నీ వాటా ఏడుపు కూడా ఆయనే ఏడ్చేశాడా అక్కా?"

దారి పొడుగునా ఆ మాటే చెవిలో పడుతూ వచ్చింది పళ్ళక్కకు. బస్సులో ఊచ పట్టుకుని నిలబడితే ఒళ్ళంతా సన్నగా వేడెక్కింది. ఇన్నాళ్ళూ తాను వింటూనే ఉంది, అది పోతే పోయింది. చెవులిచ్చింది, సాయంత్రాలిచ్చింది. ఈ ఏడుపొక్కటీ ఇవ్వలేదే. అడగకుండా ఎలా తీసుకున్నాడు? దొంగైతే కనీసం ఎవరూ చూడనప్పుడు తీసుకుంటాడు.

ఇంటికొచ్చేసరికి ఆయన అప్పటికే కుర్చీలో ఉన్నాడు. కళ్ళ కింద నల్లటి చారలు. బాధ నిజమే ఆయనది, నటన కాదు. అదే పెద్ద చిక్కు. కాళ్ళు కడుక్కుని వచ్చి, రాత్రి కూరకని బఠాణీ కాయలు ఒక పళ్ళెంలో వేసుకుని, ఆమె ఎదురుగా కూర్చుని ఒలవడం మొదలుపెట్టింది. ఆయన కొత్త కారు రంగు దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు.

కాసేపటికి తలుపు చప్పుడైంది. అక్క కూతురు. చేతిలో మడిచిన ఖాళీ సంచులు.

"పిన్నీ, రేపటికల్లా అమ్మ గది ఖాళీ చెయ్యమంటున్నాడు ఇంటాయన. ఇప్పటికి రెండుసార్లు వాయిదా వేశాం. ఇవాళ నాతో వస్తే పొద్దుటికల్లా సర్దేసుకోవచ్చు. ఒక్కదాన్నే ఆ గదిలోకి పోలేను" అంది.

రెండుసార్లూ వాయిదా పడింది మాస్టారి మనసు బాగాలేకే. ఈసారీ ఆయనే జవాబిచ్చాడు, మెత్తగానే. "ఈ పూట కుదరదమ్మా. నా పరిస్థితి చూస్తున్నావుగా. పిన్ని పక్కన లేకపోతే నాకు ఊపిరాడదు."

పిల్ల తలుపు దగ్గరే నిలబడిపోయింది. పళ్ళక్క ఒలుస్తున్న కాయ మీదనుంచి చూపెత్తింది. "మా సార్‌కి ఫోన్ చేసి ఏం చెప్పారండీ?"

"ఎప్పుడు?"

"అక్క పోయినప్పుడు."

ఆయన కాస్త ఆలోచించాడు. "ఇంట్లో చావు జరిగిందని చెప్పాను. ఏం?"

"ఎవరి అక్క పోయిందని చెప్పారు?"

"నీ అక్కైతేనేం, నా అక్కైతేనేం? మనిద్దరికీ తేడా ఏముంది? నీ బాధ నా బాధ కాదా?" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో ఏ దాపరికమూ లేదు. తాను చాలా మంచి మాట అంటున్నాననే నమ్మకంతో అన్నాడు.

"చివర్లో అక్క నాతో ఏం మాట్లాడిందో మీకు తెలుసా?"

"నువ్వు చెప్పలేదుగా."

"మీరు అడగలేదుగా."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యబోయి, అది అందుకోక, మళ్ళీ తన్నారు. ఆయన ముఖం మెల్లగా వాడింది. ఆ వాడడం ఆమెకు కంఠతా వచ్చు. ఇప్పుడు తాను లేచి ఆయన భుజం మీద చెయ్యి వెయ్యాలి, పొరపాటు నాదే అనాలి, ఇద్దరూ టీ తాగాలి.

"పొద్దుట్నుంచీ అవమానంతో చచ్చిపోతున్నాను. ఈ పూటే దొరికిందా నీకు ఇవన్నీ తియ్యడానికి?" అన్నాడు. నిట్టూర్చి, కుర్చీలో సర్దుకున్నాడు. "సరే, అదంతా తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఇది విను. ఆ కుర్రవాడు తాళాలు తీసుకుని, నా ముందే వేలికి తగిలించుకుని తిప్పాడు. నా ముందే. వింటున్నావా?"

"లేదండీ" అంది పళ్ళక్క.

ఎదిరించినట్టు అనలేదు. ఉప్పుందా అని అడిగితే లేదన్నట్టు, ఉన్న సంగతి చెప్పింది. తర్వాత పళ్ళెం బల్ల మీద పెట్టి లేచి, ఒళ్ళో పడిన తొక్కు దులుపుకుంది. లోపలికెళ్ళి రెండు జతల బట్టలు తెచ్చుకుని, పిల్ల చేతిలోని సంచుల్లో ఒకదాంట్లో పెట్టింది.

"ఎప్పుడొస్తావ్?" అన్నాడు ఆయన.

ఆమె చెప్పులు వేసుకుంటూ ఆలోచించింది. తెలియదు కాబట్టి చెప్పలేదు.

అక్క గది ఇరుకుగా, శుభ్రంగా ఉంది. ఇద్దరూ సామాను సర్దడానికి కూర్చున్నారు, కానీ చెయ్యి కదల్లేదు. "అమ్మ చివర్లో నీతో ఏమంది పిన్నీ? నేను మందుల కోసం బయటికి వెళ్ళాను అప్పుడు" అంది పిల్ల.

"నీ చెయ్యి చూపించు అంది. చూపించాను. మళ్ళీ వేళ్ళు కాల్చుకున్నావా, మందు రాసుకోవే అంది. అంతే."

అది చెప్పాక పళ్ళక్కకు ఏడుపొచ్చింది. పోయిన నెల రావలసినది, ఇప్పుడొచ్చింది. పిల్ల దాన్ని ఆపలేదు. తన ఏడుపు దానితో కలపలేదు కూడా, వంతు కోసం ఆగినట్టు పక్కనే ఆ వేళ్ళు పట్టుకుని కూర్చుంది. మర్నాడు ఇంటాయన తాళం కోసం వస్తే, గది నేనే ఉంచుకుంటానని చెప్పింది పళ్ళక్క. అక్కణ్ణుంచే ల్యాబుకు వెళ్ళింది. పెద్దాయన సెట్టు మళ్ళీ మొదటినుంచి చేసింది.

మాస్టారు ఆ వీధికంతా చెప్పుకున్నాడు, కష్టకాలంలో భార్య వదిలేసి పోయిందని. కారు నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకునే కళ్ళు తుడుచుకున్నారు. అంత ఓపికమంతుడికి ఇలా జరగాలా అని పక్కవాటాలోని అరటిపళ్ళావిడ కూడా చాలా బాధపడింది. పళ్ళక్కను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

పళ్ళక్క కూతురు కొన్నాళ్ళకు తన ఊరినుంచి తండ్రిని చూడడానికి వచ్చింది. తల్లిని చివాట్లు పెట్టాలనే అక్కణ్ణుంచి ఫోన్ చేసింది. మొదలుపెట్టింది కూడా. "నాన్న ఆ కుర్చీలోనే కూర్చుని ఉన్నారమ్మా, నీకు జాలి..." అంటూ ఇల్లంతా కలియజూస్తోంది కాబోలు, మధ్యలో ఆగిపోయింది.

"అమ్మా, వెళ్ళేముందు బఠాణీలు ఒలిచావా నువ్వు?" అంది చివరికి.

ఆయన చేతికందేంత దూరంలో, బల్ల మీద ఆ పళ్ళెం పెట్టిన చోటే ఉంది. ఒక పక్క ముడతలు పడి గోధుమరంగుకు తిరిగిన తొక్కలు, ఒక పక్క గులకరాళ్ళలా గట్టిపడిన గింజలు, వాటి మధ్య సగం చీల్చిన ఒక కాయ, లోపలి వరస కదలకుండా, నోరు తెరుచుకుని.